పోలీసు రేడియో – గృహస్థుని చెవి

శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు చెప్పిరి. ఆకాశమునకు గోడలు లేవు, తలుపులు లేవు. అందు విడువబడిన మాట ధనికుని మేడమీదుగను, కూలివాని గుడిసెమీదుగను ఒక్కతీరుననే పోవును. రేడియోయందు పయనించునది శబ్దము గాదనియు, విద్యుదయస్కాంత తరంగమనియు నేటి పాఠశాలల బాలురు సైతము చెప్పగలరు. అయినను పెద్దల సూత్రములోని సారమునకు హాని లేదు. ఆ తరంగము నందుకొను పరికర మెవనియొద్ద నున్న వాని ముంగిటికి ఆ మాట వచ్చి నిలుచును. వాడు వినవచ్చునా, వినదగునా, వినిన పిమ్మట నెట్లు మెలగవలయును అను ప్రశ్నలకు జవాబు మాత్రము పరికరముతో కూడ రాదు. దానిని మనమే సంపాదించుకొనవలయును.

అమెరికాదేశమున స్థానిక పోలీసులును, అగ్నిమాపకదళమువారును, అంబులెన్సువారును రేడియోలో మాటలాడుకొనుచుండగా ఆలకించుట బహుకాలమునుండి యున్న గృహాచారము. అందుకై వాడు పెట్టెకు స్కానరని పేరు. సామాన్యమైన రేడియో ఒక్క స్టేషనును పట్టుకొని కూర్చుండును. స్కానరన్ననో అనేక ఫ్రీక్వెన్సీలను క్షణక్షణము తడవి చూచుచు, మాట వినబడినచోట నిలిచి, మాట ముగియగానే మరల బయలుదేరును. వీధివెంట ఇంటింటి తలుపు చూచుకొనుచు నడచు గస్తీవాని నడక దానిది. న్యూజెర్సీ రాష్ట్రములోని మా పట్టణమున తెలుగు కుటుంబములు నానాటికి పెరుగుచున్నవి. వారిలో కొందరు మా యింట స్కానరును చూచి, మొదటిసారి కొనువా రేది కొనవలయునని యడుగుచుందురు. వారికి విడివిడిగా జెప్పినదానినే ఇచ్చట నొక్కచోట జేర్చుచున్నాను.

ఈ యాచారము పుట్టిన విధమును ముందు కొంచెము తెలిసికొనుట మంచిది. డెట్రాయిటు నగరపు పోలీసులు 1928లో తమ కార్లకు రేడియోద్వారా వార్తలు పంపు పద్ధతిని నిలకడగా నడిపింపగలిగిరి. అంతకుముందు కొన్నియేండ్లు వారు చేసిన ప్రయోగములలో నొక వింత గలదు. వారి స్టేషనుకు వినోదప్రసారముల లైసెన్సు మాత్రమే దొరకినందున, దొంగిలింపబడిన కార్ల సంగతుల నడుమ సంగీతమును గూడ వినిపింపవలసివచ్చెను! ఆ కాలమున కారులోనివారికి వినుటయే గాని బదులు చెప్పుట లేదు. బదులు చెప్పు రేడియో 1933లో మా న్యూజెర్సీలోనే, బయోన్ పట్టణమున, పోలీసుకార్లలో నెలకొనెను. ఆనాటి ఇంటి రేడియోలలో పెక్కింటిపై “పోలీసు” అను గుర్తు ముద్రింపబడియుండెడిది. ముల్లు నచ్చటికి ద్రిప్పిన చాలును, కుటుంబమంతయు కూర్చుండి ఊరి గస్తీని వినెడివారు. కావున పోలీసుమాటను ప్రజలు వినుట యన్నది ఎవరో చాటుగా దొంగిలించుకొన్న హక్కు గాదు. ఆ రేడియో పుట్టిననాడే అదియు దానితో బుట్టెను.

మా యింటికి స్కానరు వచ్చుటకు వినోదము కారణము గాదు. 2021 సెప్టెంబరు 1వ తేది రాత్రి ఐడా తుపాను శేషము న్యూజెర్సీపై విరుచుకొని పడెను. కొన్ని గంటలలోనే త్రోవలు వాగులయ్యెను. నీట జిక్కిన కార్లలో ననేకులు ప్రాణములు గోల్పోయిరి. ఆ రాత్రి మా వీధిలో కరెంటు పోయెను. టెలివిజను లేదు, ఫోనులో వచ్చు హెచ్చరికలు జిల్లాకంతకును సామాన్యమైనవి. మా ప్రక్కయింటి వృద్ధుడు పూర్వము స్వచ్ఛంద అగ్నిమాపకదళమున పనిచేసినవాడు. ఆయన తన వసారాలో బ్యాటరీతో నడచు స్కానరును పెట్టుకొని వినుచు, ఏ వంతెనక్రింద నీరు నిలిచినదో, ఏ రోడ్డు మూసిరో వీధివారికి చెప్పుచుండెను. ఆఫీసునుండి బయలుదేరబోవు నా భార్యకు ఫోను చేసి, అచ్చటనే నిలువుమని నేను చెప్పగలుగుట ఆయన చలువయే. మరునాటి యుదయమున ఆ త్రోవలోని కార్లను చూచిన పిమ్మట, మన యింటగూడ నట్టి పెట్టె యొకటి యుండవలయునని ఆమెయే యనెను.

అప్పుడు మాయొద్ద నుండిన మా అత్తగారు రాజమహేంద్రవరమునుండి వచ్చిన పూర్వాచారపరురాలు. ఆమెకీ యాలోచన రుచింపలేదు. “బాబూ, ఒకరి గోడకు చెవి యొగ్గి వినుట మన యింటా వంటా లేదు. అందులోను పోలీసుల గొడవ మన కెందుకండీ?” అని ఆమె యన్నది. ఆ వాక్యమున రెండాక్షేపణలున్నవి: మొదటిది మర్యాదను గూర్చినది, రెండవది భయమును గూర్చినది. మొదటిదానిని నేను తేలికగా ద్రోసివేయలేదు. ముందు దాని ప్రస్తావన వచ్చును. రెండవదానికి మాత్రము స్కానరే జవాబు చెప్పెను. పోలీసనగా దొంగలును, లాఠీయును, స్టేషను మెట్లునని ఆమె యెరిగినది. ఇచ్చట దినమంతయు వినగా, మతిమరుపు వ్యాధిచే నిల్లు మరచి తిరుగు ముసలివానిని వెదకుట, స్నానపుగదిలో జారిపడిన యవ్వను లేపుట, రోడ్డుపై విరిగిపడిన చెట్టుకొమ్మను కాపలా కాయుట, రెండు దినములుగా ఫోనెత్తని తల్లిని చూచి రమ్మని దూరదేశపు కుమారుడు వేడుకొనగా పోయి తలుపు తట్టుట – ఇవియే యెక్కువగా నుండెను. “ముసలిదానిని లేవనెత్తుటకు పోలీసులు వత్తురా?” అని ఆమె యాశ్చర్యపడి, అది మొదలు సాయంకాలము ఒంటరిగా షికారు పోవుటకు వెనుదీయుట మానెను.

ఇక ఎన్నిక సంగతి. కొనువారు సాధారణముగా “ఏ పెట్టె మంచిది?” యని మొదలుపెట్టుదురు. అడుగవలసిన మొదటి ప్రశ్న “మా యూరి పోలీసులు ఏ విధమున మాటలాడుచున్నారు?” అనునది. రోగము తెలియక మందులకొట్టుకు పోయి మందులలో శ్రేష్ఠమైనది యిమ్మని యడుగుట యెట్టిదో, ఊరి పద్ధతి తెలియక స్కానరు కొనుట యట్టిది. ఏ జిల్లాలో నెవరే ఫ్రీక్వెన్సీలపై నే పద్ధతిని మాటలాడుదురో తెలుపు రేడియోరిఫరెన్స్ అను పట్టిక కలదు. అభిరుచిగలవారే దానిని కూర్చి దిద్దుచుందురు. మొదట దానియందు మీ జిల్లా పుటను తెరచి నాలుగు సంగతులు చూచుకొనవలయును.

మొదటి సంగతి: సంభాషణ రహస్యసంకేతములో నున్నదా? దీనినే ఎన్‌క్రిప్షనందురు. మీ పోలీసులు తమ మాటనంతయు నిట్లు కప్పివైచిన యెడల, నూరు డాలర్ల పెట్టెయైనను, వేయి డాలర్ల పెట్టెయైనను ఒక్కటియే, ఏదియు వినిపింపదు. దానిని విప్పు స్కానరు అంగడిలో లేదు. విప్ప యత్నించుట నేరము. ఈ యొక్క విషయము చూచుకొనక డబ్బు పోగొట్టుకొన్నవారు పెక్కుమంది. అయితే పోలీసులు కప్పుకొన్నచోటగూడ అగ్నిమాపకదళమును, అంబులెన్సులును తరచుగా బహిరంగముగనే మాటలాడుచుందురు. వరదలకును, మంటలకును భయపడి కొను గృహస్థునకు అదియే చాలవచ్చును.

రెండవది: మాట అనలాగా, డిజిటలా? అనలాగు పద్ధతిలో గొంతు తరంగముగనే పోవును. దానిని వినుటకు చవుక పెట్టె చాలును. డిజిటలు పద్ధతిలో గొంతు అంకెలుగా మారి పోవును. ఆ యంకెలను మరల గొంతుగా మార్చు శక్తి పెట్టెలో నుండవలయును. అమెరికాలో పోలీసు, అగ్నిమాపకాది సేవలకై 1989లో ఆరంభింపబడిన ప్రయత్నము ప్రాజెక్టు 25 అను ప్రమాణముగా రూపొందెను; నేడు పెద్ద ఊళ్లలో విరివిగా వాడబడునది అదియే. దానిలో రెండు దశలున్నవి. రెండవ దశలో నొకే దారిని కాలమును తునుకలు చేసి రెండు సంభాషణలు నడుపుదురు. మీ యూరిది రెండవ దశయైనచో మొదటి దశ మాత్రమే తెలిసిన పాతపెట్టె పనికిరాదు. మా మిత్రుడొకడు వెల తక్కువని యొక అనలాగు పెట్టెను తెప్పించుకొనెను. వారి యూరి పోలీసులు డిజిటలు. ఆయనకు దినమంతయు తేనెటీగల పట్టువంటి రొద దప్ప మాట వినబడలేదు. పెట్టె చెడలేదు; దానికా భాష రాదు.

మూడవది: ట్రంకింగు. ఈ మాట విని యనేకులు బెదరుదురు గాని విషయము సులభము. రైల్వే స్టేషనులో నొక్కొక్క కిటికీముందు నొక్కొక్క వరుస యున్నదనుకొనుడు; ఒక వరుసలో నిరువదిమంది నిలిచియుండగా ప్రక్కకిటికీ గుమాస్తా ఊరక కూర్చుండవచ్చును. పాతకాలపు రేడియో పద్ధతి యిట్టిది: పోలీసులకొక ఫ్రీక్వెన్సీ, రోడ్లశాఖకొక ఫ్రీక్వెన్సీ. అందరు నొక్కటే వరుసలో నిలిచి, ఏ కిటికీ ఖాళీయైన నచ్చటికి పోవుట రెండవ పద్ధతి, ట్రంకింగనగా నిదియే. నియంత్రణకై ప్రత్యేకింపబడిన యొక దారిలో నొక కంప్యూటరు “ఈ బృందమువా రిప్పు డీ ఫ్రీక్వెన్సీకి పొండు” అని నిరంతరము చెప్పుచుండును. బృందమునకు టాక్‌గ్రూపని పేరు. ఒకే సంభాషణలోని ప్రశ్న యొక ఫ్రీక్వెన్సీపైనను, జవాబు మరియొకదానిపైనను రావచ్చును. ట్రంకింగు తెలిసిన స్కానరు ఆ యాజ్ఞలను విని బృందము వెంబడి పోవును. తెలియనిది తలయు తోకయు లేని ముక్కలను వినిపించును.

నాలుగవది అందరును మరచునది: సైమల్‌కాస్టు. ఒకే మాటను ఒకే ఫ్రీక్వెన్సీపై ననేక గోపురములనుండి ఏకకాలమున పంపుట దీని లక్షణము. గోపురములన్నియు కలిసి పలికినను, దూరములు వేరగుటచే మీ యింటికి వానినుండి వచ్చు తరంగములు రవంత ముందువెనుకలుగా జేరును. పెద్ద మంటపమున నాలుగు మూలల నలుగురు నిలిచి యొకే కీర్తన పాడినప్పుడు నడుమ నిలిచినవానికి సాహిత్యము తెలియక రొద మాత్రము వినబడుట యెట్లో అట్లే, సాధారణమైన డిజిటలు స్కానరు ఈ కలగలుపులో మాటను పోగొట్టుకొనును. తరంగమును మరియొక విధమున విశ్లేషించి యీ చిక్కును చాలవరకు విప్పు పెట్టెలను యూనిడెన్ కంపెనీ 2018లో ఎస్.డి.ఎస్.100 అను చేతిపెట్టెతో మొదలుపెట్టెను. అటుపిమ్మట బల్లపై నుంచుకొను ఎస్.డి.ఎస్.200 వచ్చెను. వీని వెల సుమారు 700 డాలర్లు. మీ జిల్లా పుటలో సైమల్‌కాస్టని యుండి, మీరు గోపురముల నడుమ నివసించువారైనచో ఈ వెల వృథా గాదు. అట్లు కానిచో వృథాయే.

ఈ నాలుగింటికిని జవాబులు దొరకిన పిమ్మట ఎన్నిక దానంతట నదియే తేలును. మీ యూరు చిన్నదై, అనలాగు పద్ధతి నంటిపెట్టుకొనియున్నచో, సుమారు 100 మొదలు 150 డాలర్లకు దొరకు చేతిపెట్టె మీకు చాలును, బి.సి.125.ఎ.టి. అనునది అట్టివానిలో నొకటి. మీది డిజిటలు ట్రంకింగైనచో నంతకు మూడు నాలుగు రెట్లు వెచ్చింపక తప్పదు. వెల పెరిగిన పెట్టెలలో గొన్నింటికి మరియొక సుఖము కలదు: మీ పోస్టలు జిప్ సంకేతమును నొక్కిన చాలును, అచ్చటి ఫ్రీక్వెన్సీలను తమలోని పట్టికనుండి తామే యేరుకొనును. యంత్రవ్యవహారములందు ఓపిక లేనివారు దీనినే కోరుకొనవలయును. ఏలయన, ట్రంకింగు వ్యవస్థను చేతితో నమర్చుట సాయంకాలములు తినివేయు పని. అమర్చలేక పెట్టెను అటకపై బెట్టినవారిని నేనెరుగుదును.

చదువుకొను పిల్లలున్న యింటివారికి మరియొక త్రోవ కలదు. టెలివిజను చూచుటకై చేయబడిన చిన్న యు.ఎస్.బి. తునుక యొకటి, దానిలోని చిప్పు స్వభావముచే, విశాలమైన రేడియోతరంగముల నన్నిటిని అందుకొనగలదని 2012 ప్రాంతమున అభిరుచిగలవారు కనుగొనిరి. ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. అని దానికి వ్యవహారము. సుమారు 30, 40 డాలర్లకు దొరకును. ఇంట నున్న కంప్యూటరునకు దగిలించి ఎస్.డి.ఆర్.ట్రంక్ అను ఉచితమైన ప్రోగ్రామును నడిపినచో, ట్రంకింగు డిజిటలు సంభాషణలను గూడ వినవచ్చును. దీనికి ఓపికయే వెల. అయితే కరెంటు పోయిన రాత్రి యిది మూగయగును. కావున ఐడా వంటి రాత్రికై కొనువారు బ్యాటరీ పెట్టెనే కోరవలయును. ఈ రెంటికంటెను ముందు, ఒక్క కాసు వెచ్చింపక, బ్రాడ్‌కాస్టిఫై అను ప్రసారముద్వారా మీ యూరి రేడియోను ఫోనులో నొక వారము విని చూడుడు. అది కొంత ఆలస్యముగా వచ్చును, ఎవరో తమ స్కానరునుండి పంపునది గావున వారి యిష్టము వచ్చినదే వినబడును. అయినను ఈ వినికిడి మీకు రుచించునా యన్నది తేలిపోవును.

ఏరియలును గూర్చి యొక్కమాట. పెట్టెతో వచ్చు పొట్టి రబ్బరు తోకనుజూచి తృప్తిపడకుడు. ఇటుకగోడల నడుమనుండి కిటికీ ప్రక్కకు, నేలగదినుండి మేడపైకి పెట్టెను జరిపిన మాత్రమున మూగవోయిన సంభాషణలు మాటలాడుట చూచితిని. మొదట స్థలము మార్చుడు. అటుపిమ్మట 20, 30 డాలర్లు పెట్టి మంచి ఏరియలు కొనుడు. అప్పటికిని చాలకున్న పెట్టె మార్చుటను గూర్చి యాలోచింపవచ్చును.

ఇక ధర్మశాస్త్రము. బహిరంగముగా నందరి కందునట్లు ప్రసరించు పోలీసు సంభాషణను వినుటకు 1986 నాటి ఎలక్ట్రానిక్ సంభాషణల గోప్యతాచట్టము అనుమతి నిచ్చుచున్నది. సెల్‌ఫోను మాటలను వినుట మాత్రము నిషిద్ధము. 1994 మొదలుకొని సెల్‌ఫోను ఫ్రీక్వెన్సీల నందుకొను స్కానరులను తయారుచేయుటయే నిలిపివేయబడెను. కారులో స్కానరు నుంచుకొనుట రాష్ట్రమునకొక తీరు. మేము హడ్సన్ నది దాటి న్యూయార్కు రాష్ట్రములో నడుగుపెట్టినచో, పోలీసు ఫ్రీక్వెన్సీల నందుకొను పెట్టెను అనుమతి లేక కారునం దమర్చుట నేరమగును; అమెచ్యూరు రేడియో లైసెన్సుగలవారికి మాత్రము మినహాయింపు కలదు. ఫ్లారిడా, కెంటకీ మున్నగు రాష్ట్రములందును కారులోని స్కానరుపై నిర్బంధములున్నవి. కావున మాది యింటినుండి కదలదు. మీ రాష్ట్రపు చట్టమును చూచుకొనక మీరును దానిని కదల్పవలదు.

చట్టము చెప్పునది యిచ్చటితో ముగిసెను. మా అత్తగారి మొదటి యాక్షేపణ ముగియలేదు. ఒకరి గోడకు చెవి యొగ్గుట గదా యిది? రేడియోలో వినబడునవి పోలీసుల మాటలే గాని, వారు మాటలాడునది పరుల కష్టములను గూర్చి. ఎవరి తండ్రికో గుండె యాగినది; ఎవరి బిడ్డయో ఇల్లు విడిచినది; ఎవరి యింటనో రాత్రి కేకలు వినబడుచున్నవి. వారెవ్వరును మనలను వినుమని పిలువలేదు.

ఒక సాయంకాలము మేము భోజనము చేయుచుండగా, ఒక యింటికి పోయిన పోలీసు ఉద్యోగి దుబాసీ కావలయునని రేడియోలో నడిగెను. ఏ భాషకని కేంద్రమువారు ప్రశ్నింపగా, “తెలుగు” అని ఆయన బదులు చెప్పెను. మా భోజనపుబల్లచుట్టు మాట నిలిచిపోయెను. అంతకుముందు వినియున్న రెండుమూడు ముక్కలనుబట్టి అది భార్యాభర్తల తగవని యూహింపవచ్చును. ఇంటి నంబరు మేము వినలేదు. వినకపోవుటచేతనే కాబోలు, క్షణములో మా మనస్సు మేమెరిగిన యిండ్లనన్నిటిని చుట్టివచ్చెను. ఆమె ఆ దినమున నేల గుడికి రాలేదు? ఆయన గొంతు ఎప్పుడును హెచ్చుగానే యుండునుగదా? ఒక్క మాట వినుటచే పది నిర్దోషమైన సంసారములు మా యెదుట ముద్దాయిలై నిలిచినవి! చాడీ యెట్లు పుట్టునో ఆ దినమున నాకు తెలిసినంత స్పష్టముగా నే నీతిగ్రంథమును తెలుపలేదు.

నా భార్య లేచి స్కానరు నాపి, “ఈ మాట గడప దాటరాదు. మనము తెలుగువారి యిల్లని చెప్పుదుము, వినినవారు తలకొక యింటిపేరు కట్టుదురు” అనెను. మా అత్తగారు కొంతసేపటికి, “పేరు కట్టకపోయినచో ఆ పిల్ల గతి యేమి?” అని యడిగెను. మర్యాదను గూర్చి మొదట పలికిన యామెయే యీ ప్రశ్నయు నడిగెను, రెండును న్యాయమైనవే. పరుల గుట్టును కాపాడుట యొక ధర్మము. గుట్టను పేరిట గోడలవెనుక స్త్రీ దెబ్బలు తినుచుండగా ఊరంతయు చెవులు మూసికొనుట అధర్మము. మన సంఘము బహుకాలము రెండవదానికి మొదటిదాని పేరు పెట్టుకొని నిద్రించెను; సముద్రము దాటి వచ్చియు ఆ నిద్రను వెంట దెచ్చుకొన్నది. మా యింట నా రాత్రి తీర్మాన మిట్లయ్యెను: ఆ యిల్లెవరిదని వెదకరాదు, కాని అట్టి యిల్లేదైనను, దాని లోపలి స్త్రీకి దారి తెలియవలయును. న్యూజెర్సీలోనే 1985లో స్థాపింపబడి, దక్షిణాసియా స్త్రీలకు గృహహింసయం దండగా నిలుచు మానవి యను సంస్థ కలదు. దాని ఫోను నంబరును తెలుగున వ్రాసి, గుడిలో స్త్రీలు చేతులు కడుగుకొనుచోట అంటించుటకు నా భార్య కార్యనిర్వాహకుల యనుమతి పొందెను. “ఇట్టివి మనవారిలో లేవుగదా” యని యొక పెద్దమనిషి సణిగెను. ఆమె వినినదానిని గూర్చి యొక్కమాటయు చెప్పక, “లేకున్న మంచిదేకదండీ, కాగితమునకు నష్టమేమి?” అని యూరకుండెను. ఆ కాగితపు క్రిందిభాగమున చించుకొని పోవుటకు వీలుగా నంబరు వ్రాసిన తునుకలుండెను. నెలనాళ్లలో మూడు తునుకలు లేవు.

వినినదానిని పలుకుటవలన గలుగు చేటు చిన్నది గాదు. 2013 ఏప్రిలులో బోస్టను నగరమున బాంబులు పేలిన పిమ్మట, నిందితులకై వెదకుచున్న రాత్రి వేలకొలది జనులు పోలీసు రేడియోను వినుచు, వినితిమనుకొన్న పేర్లను లోకమంతట చాటిరి. అందొక విద్యార్థి పేరు. అతనికా నేరముతో నే సంబంధమును లేదు. అంతకు ముందే యదృశ్యుడై మరణించినవాడని తరువాత తెలిసెను. కుమారునకై వెదకుచున్న తలిదండ్రులు ఆ రాత్రి యేమి యనుభవించిరో యూహించుడు. పోలీసులు నిలిచియున్న స్థలములను బయటపెట్టవలదని బోస్టను పోలీసులు ప్రజలను వేడుకొనవలసివచ్చెను. మరియొక యుదాహరణము: 1996 డిసెంబరులో ఫ్లారిడాలో నొక దంపతులు కారులోని స్కానరులో ప్రతినిధిసభాధ్యక్షుడు గింగ్రిచ్ పాల్గొన్న సెల్‌ఫోను సంభాషణను విని, రికార్డుచేసి, చేతులు మార్చిరి. వారు నేరము నొప్పుకొని తలకు 500 డాలర్ల జుల్మానా చెల్లించిరి. రేడియోలో వినబడు పేరు నింద మాత్రమే, ఋజువు గాదు. ఒక కారును వెదకుమనుట ఆ కారువాడు దొంగ యనుట గాదు. సంఘటనాస్థలమునకు పరుగెత్తిపోవుట మరింత తెలివితక్కువ. పిల్లలున్న గదిలో స్కానరును దినమంతయు మ్రోయనిచ్చుట కూడ తగదు; లోకమంతయు ప్రమాదమయమని వారికి దోచును.

ఇట్టి దుర్వినియోగములను జూపియే నేడనేక నగరముల పోలీసులు తమ మాటలను కప్పుకొనుచున్నారు. డెన్వరు 2019లో నట్లు చేసెను. షికాగో 2022లో రహస్యపద్ధతికి మారుచు, ప్రజలకు ముప్పది నిమిషముల ఆలస్యముతో వినిపించు నేర్పాటు చేసెను. న్యూయార్కు నగరము 2023లో నీ పని నారంభించెను. ప్రజల సొంతసంగతులు బయటపడకుండ కాపాడవలయుననియు, నేరగాండ్రు వినకుండ జేయవలయుననియు వారు చెప్పు కారణములు. అవి నిజమైన కారణములే. కాని మూతపడిన తలుపు వెనుక సాధువును, దుష్టుడును ఒక్కతీరుననే కనబడకపోవుదురు. పత్రికలవారు వార్త నెరుగుటకు పోలీసుల ప్రకటనకై వేచియుండవలయును. త్రోవ మునిగినదని ప్రక్కయింటి వృద్ధుడు చెప్పలేడు. అధికారి తొందరపడి చేసిన యాజ్ఞ అతని పైవానికి దప్ప నెవ్వరికిని వినబడదు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణము 2021లో నిట్లు కప్పుకొని, 2022లో మరల తెరచి, సొంతసంగతులను మాత్రము రేడియోలో పలుకకుండ వేరు జాగ్రత్తలు తీసికొనెను. పౌరుని వివరములను వేరుదారిని పంపి, పోలీసు నడవడికను బహిరంగముగ నుంచుట సాధ్యమేయని దానివలన తెలియవచ్చినది. నా యభిప్రాయము కూడ నదియే.

మన దేశమునందలి బంధువులకొక హెచ్చరిక. ఇది చదివి అచ్చటి కొక పెట్టెను పంపుమని వ్రాయకుడు. భారతదేశమున 1933 నాటి వైర్‌లెస్ చట్టము మొదలుకొని రేడియో పరికరము నుంచుకొనుటకు అనుమతి కావలయునను నియమము కలదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమును ఆ సూత్రమునే నిలిపినది. పోలీసు రేడియోను వినుట అచ్చట గృహస్థునకు హక్కుగా రాలేదు. దానికై నిట్టూర్చుటకంటె ఠాణాకు పోయిన పేదవాని ఫిర్యాదు వ్రాసికొనిరా లేదా యని అడుగగల నలుగురు పౌరులు ప్రతి పేటలో నుండుట మేలు. పోలీసులపై ప్రజల చెవి యుండుటకు తరంగమొక్కటియే సాధనము గాదు.

కొనదలచినవారికి నా మాట లివి: మొదట జిల్లా పుట చూడుడు, తరువాత ఫోనులో వారము దినములు వినుడు, కావలసినంత పెట్టెనే కొనుడు, కిటికీ ప్రక్కన పెట్టుడు. అటుపిమ్మట దానిపై మూడు నియమములు వ్రాసి యంటించుకొనుడు. వినినది గడప దాటరాదు. వినబడిన పేరు నేరస్థుని పేరని తలపరాదు. వినినదానివలన నొకరికి మేలు చేయ వీలున్నచో, వారెవరని యడుగక చేయవలయును. ఈ మూడింటికి సమ్మతింపలేనివాడు 700 డాలర్లను మరి దేనికైన వెచ్చించుట యతనికిని, ఇరుగుపొరుగులకును క్షేమము.